ఎన్నికల రిపోర్టింగ్ నేర్చుకోడానికి ఎన్నికల సంఘం సైట్లు: ఏది ఎంత పనికొస్తుంది, ఎక్కడ కాలు జారుతుంది

కొత్తగా పొలిటికల్ బీటుకి వచ్చినవాళ్ళు పని ఎక్కడ నేర్చుకోవాలని అడుగుతుంటారు. ఎన్నికల సంఘం సైట్లలోనే నేర్చుకోవచ్చు. ఫీజు లేదు, చాలావాటికి లాగిన్ కూడా అక్కర్లేదు. ఇబ్బందల్లా ఏమిటంటే, ఇవి ఓటర్ల కోసం, అధికారుల కోసం కట్టినవి. విలేకరికి ఏం కావాలో ఎవరూ ఆలోచించలేదు. అందుకే సైట్‌లో అంకె సరిగ్గానే ఉంటుంది, దాన్ని చూసి రాసిన వార్త మాత్రం తప్పవుతుంది. ఇక్కడి ఉదాహరణలు ఎక్కువగా ఆంధ్రప్రదేశ్ 2024, తెలంగాణ 2023 ఎన్నికలవి.

ముందు అందరికీ తెలిసిన ఫలితాల సైట్. నియోజకవర్గం పేజీలో ఒక్కో అభ్యర్థికీ ఈవీఎం ఓట్లు, పోస్టల్ ఓట్లు, మొత్తం, శాతం కనిపిస్తాయి. పక్కనే రౌండ్లవారీ పేజీ ఉంటుంది. చాలామంది దాని జోలికే పోరు గానీ సైట్ మొత్తం మీద పనికొచ్చేది అదే. టీవీలో తొమ్మిదో రౌండ్ అంటుంటే సైట్‌లో ఇంకా ఏడోదే ఉంటుంది. దాన్ని చూసి సైట్ పడుకుందని తిట్టుకోవద్దు. టీవీకి ఫోన్ చేసేది లెక్కింపు హాల్లోంచి బయటికొచ్చిన పార్టీ ఏజెంటు. సైట్‌లోకి ఎక్కేది ఆర్వో (రిటర్నింగ్ అధికారి), పరిశీలకుడు సంతకాలు పెట్టిన రౌండ్ షీటు. ఆ ఒకటి రెండు రౌండ్ల ఆలస్యం సంతకాలకి పట్టే టైమే.

మొదటి పొరపాటు పార్టీలవారీ పట్టికతో జరుగుతుంది. ఉదయం పదింటికి అందులో ఉన్న అంకెలన్నీ కూడి చూడండి, ఆంధ్రప్రదేశ్‌కి ఉన్న 175 స్థానాలూ రాకపోవచ్చు. ఇంకా మొదటి రౌండ్ కూడా ఎక్కని స్థానాలు అందులో ఉండవు మరి. కాబట్టి ఎన్ని స్థానాల ధోరణి తెలిసిందో, అది ఎన్ని గంటలకో, ఈ రెండూ లేకుండా ఆధిక్యాల వాక్యం డెస్కుకి పంపకూడదు. రెండోది, సైట్‌లో ఆధిక్యం వేరు, గెలుపు వేరు. ఆర్వో ఫారం 21సీ మీద సంతకం పెట్టి ప్రకటించేదాకా ఎవరూ గెలవనట్టే. గెలిచినవాళ్ళ చేతికిచ్చే ధ్రువపత్రం ఫారం 22. చేవెళ్ళలో 2023లో మెజారిటీ 268, మడకశిరలో 2024లో 351. ఇంత దగ్గరి పోటీలో ఈవీఎం రౌండ్లు అయిపోయినా పని మిగిలే ఉంటుంది. లాటరీ తీసిన అయిదు పోలింగ్ కేంద్రాల వీవీప్యాట్ చీటీలు, అంటే ఓటు ఎవరికి పడిందో యంత్రం అచ్చేసినవి, లెక్కపెట్టాలి. (ఒక్కటి కాదు అయిదు అన్నది 2019 ఏప్రిల్ 8న సుప్రీంకోర్టు చెప్పింది. ఆ పిటిషన్ వేసిన నేతల్లో మొదటి పేరు చంద్రబాబు నాయుడిది.) చెల్లకుండా పక్కన పెట్టిన పోస్టల్ బ్యాలెట్ల సంఖ్య కంటే మెజారిటీ తక్కువైతే వాటన్నిటినీ మళ్ళీ పరిశీలించాలి. డిస్‌ప్లే రాక పక్కన పెట్టిన కంట్రోల్ యూనిట్లు (ఈవీఎంలో ఓట్లు నమోదయ్యే భాగాలు) ఉంటే వాటి సంగతీ తేలాలి. "చివరి రౌండ్ అయింది కాబట్టి గెలిచినట్టే" అన్న ఏజెంటు మాట మీద అలర్ట్ కొట్టేస్తే తర్వాత దిద్దుకోలేక తల పట్టుకోవాలి.

శాతం గడిలో ఇంకో తిరకాసుంది. ఆ శాతం నోటాని కూడా కలిపి వేసింది. ధరావతు లెక్కలో నోటా ఉండదు. చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటితేనే ధరావతు దక్కుతుంది. ఒక లెక్క వేసి చూద్దాం. మొత్తం 1,80,000 ఓట్లు, అందులో నోటా 3,000, ఒక అభ్యర్థికి 29,700 అనుకోండి. సైట్ 16.5 శాతం చూపిస్తుంది. ఆరో వంతంటే 16.67 కదా, ధరావతు గల్లంతని హెడ్డింగు పెట్టేస్తారు. నోటా తీసేస్తే మిగిలేది 1,77,000, అందులో ఆరో వంతు 29,500. అంటే ఆయన ధరావతు భద్రంగా ఉంది! పేరున్న నాయకుడి విషయంలో ఈ తప్పు దొర్లితే మర్నాడు సవరణ వేసుకోవాల్సిందే.

రాష్ట్రం మొత్తం ఓట్ల శాతం దగ్గరా ఇదే జాగ్రత్త. 2024లో తెలుగుదేశానికి 45.60 శాతం, 135 సీట్లు. వైసీపీకి 39.37 శాతం, 11 సీట్లు. ఈ రెండు శాతాల్నీ పక్కపక్కన పెట్టి ఆరు శాతమే తేడా అని విశ్లేషణలు రాస్తుంటారు. వైసీపీ 175 చోట్లా పోటీ చేసింది. తెలుగుదేశం 144 చోట్లే నిలబడి, 21 జనసేనకి, 10 బీజేపీకి వదిలింది. పోటీయే చేయని 31 స్థానాల ఓట్లు కూడా ఆ 45.60 కింద హారంలో ఉన్నాయి. పొత్తు ఉన్న ఎన్నికలో పార్టీ శాతం కాదు, పోటీ చేసిన స్థానాల్లో వచ్చిన శాతం తియ్యాలి. అది సైట్ ఇవ్వదు, మనమే కూడుకోవాలి. ఇలాంటి పనికి అశోకా యూనివర్సిటీ వాళ్ళ లోక్‌ధాబా హాయి. పాత ఫలితాలన్నీ నేరుగా ఎక్సెల్‌లో తెరుచుకునేలా దొరుకుతాయి.

మొత్తానికి ఫలితాల సైట్‌కి అయిదుకి నాలుగు ఇవ్వచ్చు. ఆ ఒక్క మార్కూ పోయేది ఎందుకంటే పాత రౌండ్ల డేటా డౌన్‌లోడ్ చేసుకునే మీట ఎక్కడా లేదు. పట్టికని కాపీ కొట్టి షీట్‌లో అతికించుకోవడమే దిక్కు. లెక్కింపు రోజు సాయంత్రమే ఆ పని చేసి పెట్టుకోవాలి.

ఇక ఫారం 20. పేరు విన్నవాళ్ళే తక్కువ. ఏ పోలింగ్ కేంద్రంలో ఏ అభ్యర్థికి ఎన్ని ఓట్లు పడ్డాయో చెప్పే తుది ఫలితాల పత్రం ఇది. ఎన్నికల తర్వాత రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి సైట్‌లో నియోజకవర్గాలవారీగా పెడతారు. రెండు తెలుగు రాష్ట్రాలకీ వేర్వేరు సైట్లున్నాయి. నాయకుల ప్రెస్ మీట్లు పదిసార్లు కవర్ చేసినా రాని అవగాహన, ఒక నియోజకవర్గం ఫారం 20ని వారం రోజులు కూర్చుని చదివితే వస్తుంది.

అడ్డంగా స్కాన్ చేసిన పీడీఎఫ్ అది. అభ్యర్థుల పేర్లు నిలువుగా తిరగేసి ఉంటాయి. ఎడమ చివర పోలింగ్ కేంద్రం సంఖ్య, తర్వాత అభ్యర్థుల గడులు, ఆపైన చెల్లిన ఓట్లు, తిరస్కరించినవి, నోటా, మొత్తం, టెండర్ ఓట్లు (తన ఓటు అప్పటికే వేరెవరో వేసేస్తే అసలు ఓటరు కాగితం మీద వేసేవి). అడుగున ఈవీఎం ఓట్ల మొత్తం, పోస్టల్ బ్యాలెట్ల వరస, మొత్తం పోలైనవి. ఊరి పేరు ఉండదు, సంఖ్యే. అందుకని పోలింగ్ కేంద్రాల జాబితా విడిగా దింపుకుని పక్కన ఊరు, మండలం రాసుకోవాలి. ఏదైనా యాప్‌తో అంకెలు ఎక్సెల్‌లోకి లాగితే 3 కాస్తా 8 అవుతుంది, 1 కాస్తా 7 అవుతుంది. ప్రతి వరసా అడ్డంగా కూడి చెల్లిన ఓట్ల గడితో, ప్రతి నిలువు వరసా కూడి అడుగు మొత్తంతో సరిచూడాలి. కుదరని వరస కనిపిస్తే కంటితో చూసి దిద్దుకోవాలి. 290 కేంద్రాల నియోజకవర్గానికి ఒక పూట పని.

ఆ పూట ఎందుకు పెట్టాలో లెక్కింపు రోజు తెలుస్తుంది. మామూలుగా ఒక అసెంబ్లీ స్థానానికి 14 టేబుళ్ళు వేస్తారు. 290 కేంద్రాలైతే 21 రౌండ్లు, చివరి రౌండ్‌లో పది యంత్రాలే. యంత్రాలు టేబుళ్ళ మీదకి కేంద్రాల వరస సంఖ్య ప్రకారమే వస్తాయి. అంటే మొదటి రౌండ్ 1 నుంచి 14 కేంద్రాలు, ఏడో రౌండ్ 85 నుంచి 98. ఆ వరసలో ఊళ్ళు మండలాలవారీగా ఉంటాయి. కాబట్టి మొదటి అయిదు రౌండ్ల ఆధిక్యం నియోజకవర్గం ఆధిక్యం కాదు, ఒక మండలం ఆధిక్యం. ఆ మండలం కిందటిసారి కూడా ఆ పార్టీదే అయితే నాలుగు వేల ఆధిక్యం విశేషమేమీ కాదు. కిందటిసారి అదే ఊళ్ళలో ఎనిమిది వేలు వచ్చి ఈసారి నాలుగే వస్తే, ముందంజలో ఉన్న అభ్యర్థే వెనకబడ్డట్టు. పాత ఫారం 20ని పద్నాలుగేసి వరసలుగా విడగొట్టి రౌండ్లవారీ పట్టిక చేసుకున్నవాళ్ళకి ఇది తొమ్మిదిన్నరకే అర్థమవుతుంది. మిగతావాళ్ళు మధ్యాహ్నం "అనూహ్యంగా పుంజుకున్నారు" అని రాస్తారు. పుంజుకున్నదేమీ లేదు, మండలం మారింది, అంతే.

ఈ పట్టికలో తప్పులు మూడు చోట్ల వస్తాయి. అనుబంధ కేంద్రాలకి 47ఏ లాంటి సంఖ్యలుంటాయి. అందుకని సంఖ్యని కాదు, వరసల్ని లెక్కపెట్టాలి. లేకపోతే అక్కడి నుంచి రౌండ్లన్నీ ఒకటి జరిగిపోతాయి. రెండు ఎన్నికల మధ్య కేంద్రాల హేతుబద్ధీకరణ జరుగుతుంది, అంటే కొన్నిటిని కలిపి, కొన్నిటిని విడగొట్టి సర్దుతారు. 2019లో 112వ కేంద్రమూ 2024లో 112వ కేంద్రమూ ఒకే ఊరు కావాలని లేదు. ఒక్కో కేంద్రానికి ఓటర్ల పరిమితి 1,500 నుంచి 1,200కి తగ్గిస్తూ 2025లో నిర్ణయం వచ్చింది కాబట్టి ముందు ముందు ఈ తేడా ఇంకా పెరుగుతుంది. సంఖ్యతో కాక ఊరితో పోల్చడమే మార్గం. మూడోది పొత్తు లెక్క. 2019లో తెలుగుదేశం, జనసేన విడివిడిగా నిలబడ్డాయి. ఆ ఓట్లు రెండూ కూడి "కూటమి పాత బలం" అని పట్టికలో పెట్టుకోవచ్చు, అంచనా కోసం. వార్తలో అది వాస్తవంగా రాయకూడదు. ఓట్లు బదిలీ అయ్యాయా లేదా అన్నది కూడికతో తేలేది కాదు.

ఫారం 20కి విషయంలో అయిదుకి అయిదు, అందించిన తీరుకి ఒకటిన్నర. ఇన్ని కోట్ల ఓట్లు యంత్రంలో లెక్కపెట్టి, చివరికి కాగితాన్ని వంకరగా స్కాన్ చేసి పెట్టడం ఏమిటో!

అఫిడవిట్ల పోర్టల్ దీనికంటే నయం. ఎన్నిక, రాష్ట్రం, నియోజకవర్గం ఎంచుకుంటే నామినేషన్ వేసినవాళ్ళు, ఆమోదం పొందినవాళ్ళు, తిరస్కరణకి గురైనవాళ్ళు, ఉపసంహరించుకున్నవాళ్ళు, బరిలో ఉన్నవాళ్ళు విడివిడిగా కనిపిస్తారు. అఫిడవిట్‌ని 24 గంటల్లో ఎక్కించాలని నిబంధన. రాకపోతే ఆర్వో ఆఫీసు నోటీసు బోర్డు మీద ప్రతి ఉంటుంది, వెళ్ళి ఫొటో తీసుకోవడమే. ఒక అభ్యర్థి నాలుగు సెట్ల దాకా నామినేషన్ వెయ్యచ్చు కాబట్టి ఒకే పేరు నాలుగుసార్లు కనిపిస్తే కంగారు పడక్కర్లేదు. అసలు కంగారు ఒకే పేరుతో వేరే మనిషి ఉన్నప్పుడు. పెద్ద నాయకుడి పేరే ఉన్న ఇండిపెండెంటుని దింపడం మన దగ్గర పాత విద్యే. తండ్రి పేరు, వయసు, చిరునామా మూడూ చూడకుండా ఆస్తుల వార్త రాయకూడదు.

అఫిడవిట్ ఉండేది ఫారం 26లో. దాన్ని ఎలా చదవాలంటే, చివరనుంచి. చివర్లో పార్ట్ బీ అని సారాంశం ఉంటుంది. దాన్ని పట్టుకుని, పార్ట్ ఏలో వివరాలు కూడి సరిచూడాలి. రెండూ కలవకపోతే అదే మొదటి ప్రశ్న. స్థిరాస్తుల పట్టికలో ప్రతి భూమికీ సర్వే నంబరు, విస్తీర్ణం, వారసత్వమా కాదా, కొన్న తేదీ, కొన్నప్పటి ధర, ఇప్పటి మార్కెట్ విలువ ఉంటాయి. "అయిదేళ్ళలో ఆస్తి మూడింతలు" అనే హెడ్డింగులు చాలావరకు ఈ చివరి గడి చూసి పెట్టినవే. తాతలనాటి పదెకరాల పక్కన రింగురోడ్డు వస్తే విలువ దానంతటదే పెరుగుతుంది. ఆ నాయకుడు కొత్తగా కొన్నదేమిటో తెలియాలంటే పాత అఫిడవిట్ పక్కన పెట్టుకుని సర్వే నంబర్లు జత చెయ్యాలి. జత లేని నంబర్లే వార్త. తెలంగాణలో 2016లో, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో జిల్లాలు మారాయి కాబట్టి జిల్లా పేరు తేడాగా ఉందని కొత్త ఆస్తి అనుకోవద్దు. ఊరి పేరు, సర్వే నంబరు చూడాలి. 2018 తర్వాత అయిదేళ్ళ ఆదాయ పన్ను రిటర్నుల్లో చూపిన ఆదాయం కూడా రాయాల్సి వస్తోంది. అయిదేళ్ళ ఆదాయం కూడి, కొత్త కొనుగోళ్ళ ధర, పెరిగిన అప్పులు పక్కన పెట్టండి. అప్పుతో కొన్నారేమో చూడకుండా "ఆదాయానికి మించి" అనే మాట కలం దాటకూడదు.

కేసుల దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. పట్టికలో ఎఫ్ఐఆర్ నంబరు, కోర్టు కేసు నంబరు, సెక్షన్లు, అభియోగాలు ఖరారయ్యాయా లేదా అన్నది వేర్వేరు గడులు. ఎఫ్ఐఆర్ దశలో ఉన్న ధర్నా కేసుల్నీ అభియోగాలు ఖరారైన కేసునీ కలిపి "పదకొండు కేసుల నిందితుడు" అని రాయడం అన్యాయం. 2024 జులై 1 నుంచి ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. ఐపీసీలో 302 అంటే హత్య. కొత్త సంహితలో 302 అంటే మతపరమైన మనోభావాలు గాయపరిచే మాటలు, హత్య 103కి వెళ్ళింది. సెక్షన్ నంబరు ముందు ఏ చట్టమో చూడకుండా రాస్తే పరువు నష్టం నోటీసు ఖాయం. శిక్ష పడిన కేసుల గడి వేరే ఉంటుంది. రెండేళ్ళూ ఆపైన శిక్ష పడితే అనర్హత ప్రశ్న వస్తుంది కాబట్టి ముందు చూడాల్సింది ఆ గడే.

ఇదంతా ఏడీఆర్ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్ళ మైనేత సైట్‌లో తయారుగా దొరుకుతుంది కదా అంటారు. పాత ఎన్నికలతో పోల్చడానికి అది నిజంగా బాగుంటుంది. కానీ అందులో "తీవ్రమైన కేసు" అన్నది వాళ్ళు పెట్టుకున్న నిర్వచనం, అయిదేళ్ళూ ఆపైన శిక్ష పడగలిగేవి, నాన్ బెయిలబుల్‌వి, ఇంకా కొన్ని. ఆ మాట వాడితే ఎవరి నిర్వచనమో కూడా రాయాలి. దాన్ని చూసి దారి తెలుసుకుని, అంకె మాత్రం అసలు అఫిడవిట్‌లోంచే తీసుకోవాలి. పోర్టల్‌కి నాలుగు. చేత్తో రాసిన తెలుగు అఫిడవిట్లు మసకగా స్కాన్ చేసినప్పుడు మూడున్నర.

పోలింగ్ శాతం చూపించే యాప్ సంగతి తొందరగా ముగిద్దాం. ఈ సేవని ఇప్పుడు సంఘం ఉమ్మడి యాప్ ఈసీఐనెట్‌లో కలిపారు. తొమ్మిది, పదకొండు, ఒంటిగంట, మూడు, అయిదు గంటలకి వచ్చే అంకెలు ఉజ్జాయింపువి. సంఘమే ఆ మాట చెబుతుంది. 2024 మే 13న ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని కేంద్రాల్లో అర్ధరాత్రి దాటాక కూడా క్యూలు నడిచాయి. తుది లెక్క 81.86 శాతం, అందులో పోస్టల్ బ్యాలెట్లవి 1.2. ఆ రాత్రి అంకె పట్టుకుని "పోలింగ్ తగ్గింది" అని రాస్తే మూడు రోజుల్లో నవ్వులపాలే. పదకొండు గంటల అంకెని కిందటిసారి పదకొండు గంటల అంకెతోనే పోల్చాలి. ఖచ్చితమైన లెక్క కావాలంటే ఫారం 17సీ మొదటి భాగం, అంటే ఆ కేంద్రంలో పోలైన ఓట్ల లెక్క. పోలింగ్ ముగిశాక ప్రిసైడింగ్ అధికారి ప్రతి పార్టీ ఏజెంటుకీ దాని ప్రతి ఇవ్వాలి. తగాదా ఉన్న బూత్‌ల 17సీలు ఇద్దరు ప్రత్యర్థి ఏజెంట్ల దగ్గర్నుంచీ సంపాదించి పక్కపక్కన పెట్టి చూసుకుంటే, తర్వాత ఓట్లు పెరిగాయన్న ఆరోపణ వచ్చినప్పుడు ఇద్దరి నోటి మాట మీదా ఆధారపడక్కర్లేదు. యాప్‌కి రెండున్నర.

పంచాయతీ, మున్సిపల్ ఎన్నికలకి పైన చెప్పినవేవీ పనికిరావు. అవి రాష్ట్ర ఎన్నికల సంఘం చేతిలోవి, ఆ సంఘం వేరు, సైట్ వేరు, ఫారాలు వేరు. సర్పంచి ఎన్నికలు పార్టీ గుర్తుల మీద జరగవు కాబట్టి "మా పార్టీకి ఇన్ని" అనే లెక్కలన్నీ పార్టీలు చెప్పుకునేవే. ఎవరు చెప్పారో రాయకుండా ఆ అంకె వేస్తే మనమే ధ్రువీకరించినట్టు.

చివరగా ఒక మాట. లెక్కింపు కేంద్రంలో మీడియా సెంటర్ దాకానే ఫోన్. హాల్లోకి జట్లుగా, అధికారి వెంట, ఫోన్ లేకుండా తీసుకెళ్తారు. కెమెరా ఉన్నా స్టాండు వెయ్యనివ్వరు, కంట్రోల్ యూనిట్ అంకెలు కనిపించేలా తియ్యనివ్వరు. ఎక్సెల్‌లో కష్టపడి చేసుకున్న రౌండ్ల పట్టిక ఫోన్‌లోనే ఉంటే ఆ అరగంటా చేతులు ఖాళీయే. ముందురోజు రాత్రి ఏ3 కాగితం మీద ప్రింట్ తీసి, రౌండ్ నంబరు, ఊళ్ళ పేర్లు, కిందటిసారి ఆధిక్యం, పక్కన ఈసారికి ఖాళీ గడి పెట్టుకోండి. రెండు పెన్నులు కూడా.